అరుపు కాదు, అరిప్పు

రాత్రి రెండున్నరకి మా ఇంట్లో
ఎవరో తలుపు తట్టినట్టుంటుంది.
తలుపు కాదు,
మిరియం వెనక్కాలు నేలకి కొట్టుకునే చప్పుడు.
టక టక టక టక. ఆగి, మళ్ళీ.
కింది పోర్షన్ బేబీ అమ్మాళ్
మొదట్లో నా కుట్టుమిషననుకుంది:
"అర్ధరాత్రి కూడా ఆర్డర్లేనా?"

మూడేళ్ళు.
వేపాకు ఉడకబెట్టి పోశాం.
కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాశాం.
వీధి చివర కాంపౌండరు పొడిచిన సూదికి
పదిరోజులు పండగ.
పదకొండో రోజు బిందెడు నీళ్ళు తాగి
గదంతా పోసి
మళ్ళీ గోకుడు మొదలు.

వేపేరి పశువుల ఆస్పత్రి. టోకెను నలభై ఏడు.
మా ముందు ఒక మేక,
చీరకొంగులో ముడుచుకున్న చిలక.
డాక్టర్ తేన్‌మొళి అడిగింది,
అరిప్పు ఎన్నాళ్ళనించి అని, అరవంలో.
పదహారేళ్ళయినా నా చెవులింకా సూళ్ళూరుపేటవే:
"అరుపే లేదు డాక్టర్,
నోరు లేని పిల్ల, గోక్కుంటుందంతే."
ఆమె నవ్వింది.
కర్పూరం సంగతి చెప్పాక నవ్వలేదు.
కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

చర్మం గీరి గాజుపలక మీద పెట్టారు.
చెవిలోంచి దూది తీస్తే మడ్డి,
పులిసిన పిండి వాసన.
నల్లకుక్కకి నాలుగు తెల్ల మేజోళ్ళుండేవి,
నాకి నాకి తుప్పు పట్టించుకుంది.
గజ్జి కాదట.
దుమ్ము పడదు, గడ్డి పడదు,
కోడిమాంసం కూడా పడదేమో, చూడాలట.

పడదు. ఎంత చిన్న మాట.
పక్కింటివాళ్ళతో పడకపోతే ఇల్లు మారతాం,
ఒంటికే పడకపోతే
ఒళ్ళు మారి ఎక్కడికి పోతుంది?
"పూర్తిగా పోతుందా?" అన్నాను.
"పోదు. అదుపులో పెడదాం."
ఆ 'పెడదాం'లో ఆమె కూడా ఉంది.
అది పట్టుకుని బస్సెక్కాను.

ఎనిమిది వారాలు
చేప, గుమ్మడికాయ, అన్నం. ఇంకేం వద్దు.
ఐదో వారం పైయింటి కవిన్
ప్రేమ కొద్దీ చికెన్ పకోడీ పెట్టాడు.
మళ్ళీ ఒకటో వారం.
రెండ్రోజులు మొహం చాటేసి
మూడోరోజు అట్టముక్క మీద బోర్డు రాసుకొచ్చాడు:
"నాకేమీ పెట్టకండి. ముఖ్యంగా కవిన్."
గేటుకి కట్టాం.

ఆదివారం మందు షాంపూ.
నురగ పది నిమిషాలు ఒంటి మీదే ఉండాలి.
పది నిమిషాలు ఎంత పొడుగో
తడి కుక్కని వాటేసుకుని కూర్చుంటే తెలుస్తుంది.
మా ఆయన వరాహాలు ఎక్కాలు చదువుతాడు,
పందొమ్మిదో ఎక్కం దగ్గర తడబడతాడు,
మిరియం ఒళ్ళు విదిలిస్తుంది.
లెక్క ఎవరిదీ పూర్తికాదు.

మాత్ర గుమ్మడి ముద్దలో దాచాలి.
ఒక మాత్ర, ఒక జాకెట్టు కుట్టుకూలి.
రోజూ మొదటి జాకెట్టు మిరియానిది.

అలా ఒక రాత్రి రెండున్నరకి
మెలకువ వచ్చింది. చప్పుడు లేదు.
గుండె ఝల్లుమని లైటు వేశాను.
పక్కటెముకల మీద చెయ్యి పెట్టాను,
వెచ్చగా లేస్తోంది, దిగుతోంది.
ఒక కన్ను తెరిచి
అర్ధరాత్రి ఏంటీ గోల అన్నట్టు చూసింది,
చెవి రెండుసార్లు గోక్కుంది,
మామూలు కుక్కలా,
పడుకుంది.
నాకు మాత్రం తెల్లవారేదాకా నిద్ర లేదు.

డాక్టరు లెక్క రాయమంది కదా.
కొలతల పుస్తకంలో
రమామణి గారి చేతి పొడుగు కింద రాస్తున్నాను:
సోమవారం తొమ్మిది. మంగళవారం నాలుగు.
బుధవారం వాన, పదకొండు.
జాకెట్టు కుట్టేటప్పుడు
లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాం,
ఒళ్ళు రేపెలా ఉంటుందో తెలీదు గనక.
శుక్రవారం గడి కూడా
కాస్త వెడల్పుగానే గీశాను.